ముక్కులు కలవని కొంగలు

ఆ ఫొటో మా కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చిన మర్నాడు పొద్దున్నే మా మామయ్యగారు పాలు వద్దని చెప్పి పాలావిడను గేటు దగ్గర నుంచే పంపేశారు. నేను వంటింట్లో స్కూలుకి తీసుకెళ్ళే డబ్బా సర్దుకుంటున్నాను. గేటు చప్పుడు విని బయటికి వచ్చేసరికి ఆమె పాలక్యాను పట్టుకుని మా సందు చివర మలుపు తిరుగుతోంది. ఎందుకు పంపేశారని అడిగితే మామయ్యగారు ఫోను నా చేతికిచ్చారు.

ఫొటోలో ఒక కొంగ. మా ఇళ్ళ వెనక ఖాళీ ప్లాట్లు దాటాక ఒక కుంట ఉంది. ఆ కుంట గట్టు మీద నిలబడి ఉంది. ఒళ్ళంతా బూడిద కలిసిన తెలుపు, రెక్కల చివర నలుపు. పొలాల్లో తిరిగే మామూలు తెల్లకొంగ కంటే బాగా పెద్దది. వింతంతా ముక్కులో ఉంది. పైముక్కూ కిందిముక్కూ మొదట్లో కలిశాయి, చివర్లో కలిశాయి, మధ్యలో కలవలేదు. ఆ సందులోంచి అవతలి గడ్డి కనిపిస్తోంది. కింద ఎవరో రాశారు: కెమికల్ నీళ్ళు తాగి పక్షుల ముక్కులు వంకర పోతున్నాయి, ఈ కుంటలో దిగే గేదెల పాలు మన పిల్లలు తాగుతున్నారు, ఆలోచించండి.

దూరం నుంచి చూసేవాళ్ళకు ఇది అతి అనిపించవచ్చు. ఇక్కడ ఉండేవాళ్ళకు అనిపించదు. మా పటేల్‌గూడలో గాలి తిరిగిన సాయంత్రం ఒక వాసన వస్తుంది. ఒకరోజు కుళ్ళిన గుడ్డులా, ఇంకోరోజు మందుల షాపులో సీసా పగిలినట్టు. మేము కిటికీలు మూసుకుంటాం. అది ఎక్కడి నుంచి వస్తుందో ఎవరూ చెప్పలేరు. వానలు మొదలవగానే ట్యాంకర్లు వచ్చి వాగుల్లో ఏదో వదిలిపోతాయని అందరూ అంటారు. వదులుతుండగా కళ్ళతో చూసినవాళ్ళు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు. బోరు నీళ్ళు కాచి చల్లార్చితే గిన్నె అడుగున తెల్లటి పొర మిగులుతుంది. అది సున్నమని కొందరు, ఇంకేదో అని కొందరు.

మామయ్యగారు తెనాలి వైపు పల్లె నుంచి పెళ్ళికి ముందే ఇక్కడి పెద్ద ప్లాంటులో ఉద్యోగానికి వచ్చారు. రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. ఆయన గ్లాసు నోటి దగ్గరికి తీసుకెళ్ళి, ఒక్క క్షణం ఆగి, వాసన చూసి గాని నీళ్ళు తాగరు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో అది చూసి చిన్నబుచ్చుకున్నాను, గ్లాసు సరిగ్గా తోమలేదని అనుకుంటున్నారేమోనని. తర్వాత తెలిసింది. అత్తయ్యగారు ఏళ్ళ తరబడి ఒంటి దురదలతో బాధపడ్డారు. తిరగని ఆసుపత్రి లేదు. ఒక్కో డాక్టరు ఒక్కో కారణం చెప్పారు. మామయ్యగారు మాత్రం నీళ్ళనే అనుమానించారు. ఆవిడ పోయాక ఆ అనుమానాన్ని కాదనేవాళ్ళు ఇంట్లో లేకుండా పోయారు.

ఆ సాయంత్రం పక్కనున్న సుల్తాన్‌పూర్‌లో మా స్కూలు బస్సు దిగి ఇంటికి నడుస్తుంటే పాలావిడ తన ఇంటి ముందు ఎదురైంది. ఆమెది పటేల్‌గూడే. మా కాలనీ ఉన్న నేలంతా ఒకప్పుడు జొన్నచేలని, వాటిలో తాను కూలికి పోయిన రోజులున్నాయని అప్పుడప్పుడూ చెప్పేది. ఇప్పుడు పొలం పని లేదు. రెండు బర్రెలను పెట్టుకుని మా సందుల్లోని ఇళ్ళకు పాలు పోస్తుంది. ఆ ఒక్కరోజే చాలా ఇళ్ళవాళ్ళు పాలు వద్దన్నారట.

"ఏంది టీచరమ్మా, పెద్దసారు గట్ల అన్నడు? కొంగల ముక్కులు వంకరైతే నా బర్రె ఏం జేసింది?" అంది. గొంతులో కోపం కంటే అవమానం ఎక్కువగా వినిపించింది.

బర్రెలు కుంటలో దిగుతాయా అని అడగాలనిపించింది. అడిగితే నేనూ వాళ్ళలో ఒకదాన్నయిపోతానని ఊరుకున్నాను. మామయ్యగారితో మాట్లాడతానని మాత్రం చెప్పి వచ్చేశాను.

నేను తెలుగు టీచర్ని. ఏదైనా అర్థం కాకపోతే ముందు దాని పేరేమిటని వెతకడం నాకు అలవాటు. ఆ పక్షి పేరేమిటని కాలనీలో ఎవరిని అడిగినా కొంగ అన్నారు. మనకు కాళ్ళు పొడుగ్గా ఉండి నీళ్ళలో నిలబడే ప్రతి పక్షీ కొంగే. ఇంట్లో ఉన్న నిఘంటువు తిరగేశాను. కొంగ, కొక్కెర, బకము అని వరసగా ఉన్నాయి. తమిళంలో కొక్కు, కన్నడంలో కొక్కరె అంటారని నాకు ముందే తెలుసు కాబట్టి ఇవన్నీ ఒక ఇంటి మాటలేనని తోచింది. కొక్కెం, కొంకి అనే మాటల్లోనూ వంకరతనం ఉంది. మెడ వంపు చూసి ఆ పేరు పెట్టి ఉంటారా అని కాసేపు ఆలోచించాను. అరుపు విని పెట్టి ఉంటారని మా స్కూల్లో కన్నడం తెలిసిన ఆవిడ అంది. కానీ మా కుంట మీది కొంగలు అసలు అరవవు. ఇంగ్లీషు చెప్పే ఆవిడేమో స్టార్క్ అనే ఇంగ్లీషు మాటకు మూలంలో బిర్రబిగుసుకుని నిలబడటం అనే అర్థముందని ఎక్కడో చదివానంది. ఎవరూ నమ్మకంగా చెప్పలేదు. బకం దగ్గరికి వచ్చేసరికి బకధ్యానం, దొంగజపం తప్ప మంచిమాట కనిపించలేదు. క్లాసులో పిల్లలకు ఆ మాటలు ఎన్నోసార్లు చెప్పాను. కళ్ళు మూసుకుని తపస్సు చేస్తున్నట్టు నిలబడి, చేప దగ్గరికి రాగానే పొడుస్తుందని. మన భాషే ఆ పక్షిని నమ్మలేదు.

ఫోనులో వెతికితే ముందు మా గ్రూపులోకి వచ్చిన ఫొటో లాంటివే బోలెడు వచ్చాయి. చాలాసేపటికి ఒకచోట ఇంగ్లీషులో దాని పేరు దొరికింది. ఓపెన్‌బిల్. తెరిచిన ముక్కు అని అర్థం. ఆ జాతికి ముక్కు పుట్టుకతోనే అలా తయారయ్యేదని అక్కడ రాసి ఉంది. సంబరంగా వెళ్ళి మామయ్యగారికి చూపించాను.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివారు. "ఆ ఫొటో ఫోన్లోనే వచ్చింది, ఇదీ ఫోన్లోనే వచ్చింది. దాన్ని నమ్మకుండా దీన్నెందుకు నమ్మాలమ్మా?" అన్నారు. ముక్కు పాడయ్యాకే ఆ పేరు పెట్టి ఉండొచ్చు కదా అని కూడా అన్నారు. ఆ పేరు ఎప్పటిదో, ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆయన ఇంకోమాట చెప్పారు. తాను రెండు సాయంత్రాలు డాబా మీద నుంచి చూశారట. వాటిలో కాస్త ముదురు రంగువి, పిల్లకొంగల్లా ఉన్నవి కొన్ని ఉన్నాయి. వాటి ముక్కులు చక్కగా మూసుకుంటున్నాయి. సందు ఉన్నది పెద్దవాటికే. "ఈ నీళ్ళు ఎన్నాళ్ళు తాగితే అంత వంకర. ఇంకేం సాక్ష్యం కావాలి?" అన్నారు.

ఆ మాటకు నాకే అనుమానం పట్టుకుంది. ఆ రాత్రి మా పిల్లలకు ప్యాకెట్ పాలే కాచి ఇచ్చాను.

ఆదివారం పొద్దున ఇద్దరం కుంట దగ్గరికి వెళ్ళాం. దగ్గర నుంచి చూద్దామని నేనే అన్నాను. ముందురోజు వాన పడి ప్లాట్లన్నీ బురదగా ఉన్నాయి. మామయ్యగారు ఒక చేత్తో గొడుగును ఊతకర్రలా ఆనించుకుంటూ, ఇంకో చేత్తో నా భుజం పట్టుకుని నడిచారు. కొంగలు చాలానే ఉన్నాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో అడుగులో అడుగు వేసుకుంటూ తిరుగుతున్నాయి. చప్పుడు లేదు. అన్ని పెద్ద పక్షులు అంత నిశ్శబ్దంగా ఉండటం చూస్తే నాకు కొంచెం భయం వేసింది.

అవతలి ఒడ్డున ఒకామె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నీళ్ళలో వంగి, చేతులతో అడుగు తడుముతూ కనిపించింది. పక్కన ప్లాస్టిక్ బకెట్ తేలుతోంది. మామయ్యగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. ఈమె ఏదో కలుపుతోందని, లేకపోతే పక్షులకు మందు పెట్టి పడుతోందని ఆయన లోగొంతుకతో అన్నారు. నాకూ అలాగే అనిపించిందని చెప్పకపోతే అబద్ధమవుతుంది. గట్టు చుట్టి ఆమె వైపు నడిచాం.

మామయ్యగారికి ప్లాంటులో పనిచేసిన రోజుల హిందీ బాగానే వచ్చు. ఏం చేస్తున్నావని గద్దించినట్టే అడిగారు. ఆమె బెదరలేదు గాని మర్యాదగా ఒడ్డుకు వచ్చి బకెట్ ముందు పెట్టింది. అందులో అన్నీ నత్తలు. నిమ్మకాయంత నత్తలు, పచ్చటి పాచి పట్టి ఉన్నాయి. కూరకని చెప్పింది. సుల్తాన్‌పూర్ పారిశ్రామిక పార్కులో వైద్య పరికరాలు ప్యాక్ చేసే పనిలో ఉందట. భర్తతో కలిసి పక్క సందులో కిరాయి గదిలో ఉంటుందట. బీహార్‌లో గంగ ఒడ్డున వాళ్ళ పల్లె. ఇక్కడ నత్తలు దొరుకుతాయని ఎలా తెలిసిందని మామయ్యగారు అనుమానం వదలకుండా అడిగారు. ఆమె తల తిప్పి కొంగల వైపు చూపించింది. అవి దిగాయంటే కింద నత్తలున్నట్టేనట.

"వో ఘోంఘిల్ హై బాబూజీ," అంది. బకెట్లోంచి ఒక నత్తను తీసి అరచేతిలో పెట్టుకుని చూపించింది. "యే ఘోంఘా. ఘోంఘా ఖాతా హై, ఇసీలియే ఘోంఘిల్."

ఘోంఘా అంటే నత్త, దాన్ని తింటుంది కాబట్టే ఆ పక్షికి ఆ పేరు అని మామయ్యగారు నాకు చెప్పబోయి, మధ్యలో ఆగిపోయారు. కాసేపు ఆ నత్త వైపే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఎవరితోనూ కాకుండా తనలో తాను అనుకున్నట్టు, "నత్తగుల్ల కొంగ," అన్నారు.

తర్వాత నాకు చెప్పారు. వాళ్ళ ఊళ్ళో చెరువు మధ్య తుమ్మచెట్ల మీద పెద్ద కొంగలు గూళ్ళు పెట్టేవట. వాటిని అందరూ నత్తగుల్ల కొంగలనేవారట. వాటి ఒళ్ళు నత్తగుల్ల రంగులో ఉంటుంది కాబట్టి ఆ పేరని ఆయన చిన్నప్పుడు అనుకున్నారు. ఎవరైనా చెప్పారో, తానే అనుకున్నారో గుర్తులేదు. చెట్టు మీద అంత ఎత్తున ఉన్న పక్షి ముక్కు ఎలా ఉందని ఏనాడూ చూడలేదు. ఆ పక్షీ ఈ పక్షీ ఒకటేనని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తట్టలేదు. ఆయన పుట్టకముందు నుంచీ ఉన్న పేరది. ఆ చెరువు పక్కన అప్పుడు ఏ ఫ్యాక్టరీ లేదు.

అయినా ఆయన ఒక్కమాటతో వదిలే మనిషి కాదు. మీ ఊరి కొంగల ముక్కులు ఎలా ఉంటాయని ఆ గట్టు మీదే ఆమెను అడిగారు. ఇలాగే ఉంటాయంది. మీ ఊళ్ళో ఫ్యాక్టరీలున్నాయా అని అడిగారు. ఇటుకబట్టీ ఒకటి ఉందని, అదీ ఊరికి దూరమని చెప్పింది. పిల్లకొంగలకు ముక్కు మూసుకుని ఉంటుందెందుకని అడిగారు. నత్తల్ని నొక్కీ నొక్కీ పెద్దవాటి ముక్కు అరిగిపోతుందని వాళ్ళ నానమ్మ చెప్పేదట. అది నిజమో కథో తనకు తెలియదని నవ్వింది. మేము మాట్లాడుతుండగానే దగ్గర్లోని కొంగ ఒకటి తల నీళ్ళలోకి ముంచింది. ముక్కుతో ఏదో సర్దుకుంటున్నట్టు కాసేపు కదిపింది. తల ఎత్తి మింగింది. అది వెళ్ళిపోయాక మామయ్యగారు గొడుగు కొసతో ఆ చోటును తడిమి, ఒక గుల్లను ఒడ్డుకు లాగారు. గుల్ల ఎక్కడా చిట్లలేదు. లోపల ఏమీ లేదు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వాసన కూడా చూశారు.

వెళ్ళబోతూ ఆయన ఆమెతో ఈ కుంట నత్తలు తినొద్దని, నీళ్ళు మంచివో కాదో ఎవరికీ తెలియదని చెప్పారు. ఆమె కొంగల వైపు చూసి, అవి రోజూ తింటున్నాయి కదా, ఒక్కటీ చావలేదు కదా అంది. బకెట్ ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె వెళ్ళాక, "చావనంత మాత్రాన మంచివని ఎట్లా అనుకోవడం?" అని మామయ్యగారు నాతో అన్నారు. పక్షి ముక్కు గురించి ఆయనకు నమ్మకం కుదిరింది. నీళ్ళ గురించి కుదరలేదు. ఆ రెండింటినీ విడదీసి చూడటం ఆ పొద్దుటి వరకు మాలో ఎవరికీ తోచలేదు.

తిరుగుదారిలో ఆయనే పాలావిడ ఇంటికి పోదామన్నారు. ఆమె బర్రెలకు గడ్డి వేస్తోంది. మమ్మల్ని చూసి కూడా చూడనట్టు పని చేసుకుంటూ ఉంది. మామయ్యగారు గొడుగు మీద ఆనుకుని నిలబడి, ఆ ముక్కులు పుట్టుకతో వచ్చేవేనని, తాము తొందరపడ్డామని, రేపటి నుంచి పాలు పోయమని అన్నారు. ఆయన నోట తొందరపడ్డామనే మాట నేను వినడం అదే మొదలు.

ఆమె గడ్డి అంతా వేసి, చేతులు దులుపుకుని వచ్చింది.

"సారూ, మీరు గీ ఊరికి రాకముందుకెళ్లే నాకు ఆ నీళ్ల మీద అనుమానం ఉన్నది," అంది. "నా పెండ్లి అయిన కొత్తల గా కుంట చేపలే వండుకున్నం. ఒక ఏడు చేపలన్నీ తెల్లగ తేలినయి. గప్పటి సంది నా బర్రెను గా గట్టు ఎక్కనియ్య. నన్నొక్క మాట అడిగితే చెప్తుంటి."

బర్రెలకు బోరు నీళ్ళే తాపుతానని తొట్టి చూపించింది. మామయ్యగారు తొట్టిలో చెయ్యి పెట్టబోయి ఆగారు. బోరు నీళ్ళు మాత్రం మంచివేనా అని అడగబోయారని నాకు అర్థమైంది. ఆమెకూ అర్థమైంది. "అవి మంచియని నేను చెప్ప. ఎవలు చెప్తరు సారూ? మీరు తాగేటియి గూడ అవే గద," అంది. ఆయన తల ఊపారు. మర్నాటి నుంచి మా ఇంటికి పాలు వచ్చాయి. ఆయన ఒకసారి కాచిన పాలను ఇంకోసారి కాయించేవారు. అంతవరకే.

నేను కాలనీ గ్రూపులో జరిగినదంతా రాశాను. మన కోస్తా పల్లెల్లో ఈ పక్షిని నత్తగుల్ల కొంగ అంటారని, హిందీలో ఘోంఘిల్ అంటారని, రెండు పేర్లకూ మూలం అది తినే నత్తేనని, ఆ పేర్లు ఫ్యాక్టరీల కంటే ముందువని, దాని ముక్కు రోగం కాదని. టీచరు కదా, కొంచెం పాఠంలాగే రాసి ఉంటాను. కొందరు దండం బొమ్మ పెట్టారు. ఒకాయన మాత్రం, ఇదంతా మీతో ఏ కంపెనీవాళ్ళు రాయించారు మేడం అని అడిగాడు. నేను కోపంగా తీసుకెళ్ళి మామయ్యగారికి చూపించాను. ఆయన నవ్వలేదు. తాను ఇంకా మొదటిరోజు మనిషిగానే ఉండి ఉంటే అదే అడిగేవాణ్ణని అన్నారు.

పాలావిడకు పోయిన వాడుక ఇళ్ళు చాలావరకు తిరిగి రాలేదు. ప్యాకెట్ పాలకు అలవాటు పడినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. ఆ శీతాకాలంలో ఆమె ఒక బర్రెను అమ్మేసింది. ఆ సంగతి నాకు ఆమె చెప్పలేదు. క్యాను చిన్నదవడం చూసి నేనే అడిగాను. దాణా ఖర్చు పెరిగిందని, ఒక్కటైతే సులువని అంది. ఆ ఫొటో గురించి మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఫొటో మొదట పెట్టినదెవరో ఎంత అడిగినా తేలలేదు. ఎక్కడి నుంచో వచ్చింది, నేను ముందుకు పంపానంతే అని ప్రతివాళ్ళూ అన్నారు. నాకు ఇద్దరు ముగ్గురి మీద అనుమానం ఉంది. ఇప్పటికీ వాళ్ళు ఎదురైతే ఆ సంగతే గుర్తొస్తుంది, నవ్వి పలకరించి వచ్చేస్తాను.

ఈ ఏడు వానలకు కొంగలు మళ్ళీ వచ్చాయి. నిరుటి కంటే తక్కువ. మామయ్యగారు రోజూ పొద్దున గట్టు దాకా వెళ్ళి వచ్చేవారు. నాలుగైదు రోజులకే అవి లేచి జిన్నారం వైపు వెళ్ళిపోయాయి. మేమిద్దరం వెళ్ళి ఒడ్డంతా చూశాం. ఒక్క గుల్ల కూడా కనిపించలేదు. నీళ్ళలో చెయ్యి పెట్టి తడిమితే నల్లటి బురద తప్ప ఏమీ తగల్లేదు. ఆ బీహారు ఆవిడ ఉండి ఉంటే నత్తలు ఎటు పోయాయో చెప్పేదేమో. ఆ గదిలో ఇప్పుడు వేరేవాళ్ళున్నారు. ఆమె నత్తలు ఎన్నాళ్ళు తిన్నదో, ఎలా ఉందో మాకు తెలియదు.

వాన సరిగ్గా పడలేదు, అందుకే నత్తలు పైకి రాలేదని కాలనీలో ఒకరన్నారు. ట్యాంకరే అయి ఉంటుందని పాలావిడ అంది. ఆమె కూడా చూసి చెప్పలేదు, వాసనను బట్టే చెప్పింది. మామయ్యగారు మర్నాడు ఒక ఖాళీ సీసా కడిగి తీసుకెళ్ళి, కుంట నీళ్ళు పట్టుకొచ్చి, మూత బిగించి మా మెట్ల కింద నీడలో పెట్టారు. ఎవరితో పరీక్ష చేయించాలో, చేసినవాళ్ళు చెప్పింది నమ్మాలో లేదో ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.